స్కిన్నర్‌ను తలుచుకుంటే ఆ లూప్‌ను వదిలేయకూడదు

అక్టోబరు నెలాఖరుకు అమెరికన్ క్లైంబర్ టాడ్ స్కిన్నర్ పేరు రాక్ క్లైంబర్ల మధ్య మళ్ళీ వినిపిస్తుంది. 2006 అక్టోబరు 23న కాలిఫోర్నియాలోని యోసెమిటీలో లీనింగ్ టవర్ అనే రాతిగోడ మీద నుంచి తాడు పట్టుకుని దిగుతూ పడి చనిపోయాడు. మరో ఐదు రోజులు ఉంటే 48 నిండేవి. ఏటా వచ్చే నివాళులన్నిటికీ ఒకటే వరస. సలాథే వాల్, ట్రాంగో టవర్, దేశదేశాల్లో తెరిచిన కొత్త రూట్లు, ఎంత డీలాపడ్డవాణ్ణైనా మళ్ళీ గోడ దగ్గరికి లాక్కెళ్ళే ఉత్సాహం, ఇవన్నీ అయ్యాక చివర్లో ఒక్క ముక్క: పరికరం తెగి మరణించాడు.

ఆ ఒక్క ముక్క దగ్గరే నా అభ్యంతరం. ఎలా చనిపోయాడో చెప్పకుండా చేసే స్మరణ సగమే అని నా నమ్మకం. కేవలం జాగ్రత్తలు నేర్పడం కోసమైతే ఇంత పట్టుపట్టను. ఆ రోజు తెగిన బిలే లూప్‌కూ (నడుముకు కట్టుకునే హార్నెస్ ముందుండే పట్టీ), పాతికేళ్ళకు పైగా స్కిన్నర్ ఎక్కిన తీరుకూ దగ్గర సంబంధం ఉంది. ఆ తీరును పొగిడి ఈ లూప్‌ను దాటేస్తే మనిషిని సగానికి కోసినట్టే.

వేలాడుతూ సాధించిన మనిషి

1980లలో యోసెమిటీ పద్ధతి కఠినంగా ఉండేది. పడ్డావా, కిందికి దిగాలి, మళ్ళీ మొదటినుంచి ఎక్కాలి. స్కిన్నర్ అలా చేసేవాడు కాదు. పడ్డచోటే తాడుకు వేలాడి, చేయి ఎక్కడ పడాలో, కాలు ఏ కోణంలో ఆనాలో పదిసార్లు, ఇరవైసార్లు చూసుకుని, అన్నీ కుదిరాక ఒక్క పట్టున ఎక్కేవాడు. దీన్ని హ్యాంగ్‌డాగింగ్ అని ఈసడించిన రోజులవి. నేల నుంచి మొదలుపెట్టి నిజాయితీగా ఎక్కాలన్న పాత వర్గానికి జాన్ బచార్ పెద్దదిక్కు. ఆ గొడవలో చాలా మాటలు నడిచాయి.

1988లో స్కిన్నర్, పాల్ పియానా కలిసి యోసెమిటీలోని ఎల్ క్యాపిటన్ కొండ మీద సలాథే వాల్‌ను ఫ్రీగా ఎక్కారు. దాదాపు 900 మీటర్ల గోడ. తాడును, తాము పడితే ఆపడానికే తప్ప పైకి లాక్కోవడానికి వాడలేదు. అంత పెద్ద గోడ మీద 5.13 స్థాయి (చాలా కష్టమైన గ్రేడ్) కదలికలు సాధ్యమంటే మొదట చాలామంది నమ్మలేదు. పైకి చేరాక మరో ఘోరం జరిగింది. వాళ్ళు యాంకర్‌గా, అంటే తాళ్ళు కట్టే ఆధారంగా, వాడుకున్న పెద్ద బండే కదిలి జారిపోయింది. తాళ్ళు తెగాయి, పియానా కాలు విరిగింది, స్కిన్నర్‌కూ గట్టి దెబ్బలు తగిలాయి. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. 1995లో మరో ముగ్గురితో కలిసి కారకోరంలో 6,239 మీటర్ల ట్రాంగో టవర్‌ను కౌబాయ్ డైరెక్ట్ రూట్‌లో ఫ్రీగా ఎక్కాడు. గోడ మీదే 60 రోజులు గడిపారు.

ఈ రెండిట్లోనూ ఓపికది పెద్ద వాటా. పొద్దున్నే కట్టి ఉంచిన తాళ్ళ మీద జుమార్లతో (తాడును పట్టి పైకి జరిపే బిగింపులు) పైకి వెళ్ళడం, కష్టమైన పిచ్ (ఒక తాడు పొడవు భాగం) దగ్గర గంటలకొద్దీ వేలాడుతూ సాధన చేయడం, సాయంత్రం అదే తాడు మీద జారడం, మర్నాడు మళ్ళీ అదే. ఆ గంటలన్నీ ఒంటి బరువును మోసేది నడుము ముందున్న ఓ చిన్న పట్టీ. వేలు మందం కూడా ఉండదు, అరచేతిలో ఇమిడిపోతుంది. బిలే లూప్ అంటే అదే.

ఆ సాయంత్రం

లీనింగ్ టవర్ పడమటి గోడ బయటికి వాలి ఉంటుంది. ఉత్తర అమెరికాలో అంత ఏటవాలు గోడలు అరుదు. అక్కడ దిగేటప్పుడు కాళ్ళు రాయికి ఆనవు, పూర్తిగా గాలిలో ఉంటాం. స్కిన్నర్, తోటి క్లైంబర్ ఒకరు ఆ గోడ మీద ఒక రూట్‌ను ఫ్రీగా ఎక్కే పనిలో ఉన్నారు. ఆ రోజు పని ముగించుకుని కట్టి ఉంచిన తాడు మీద దిగుతున్నారు. స్కిన్నర్ గ్రిగ్రీ అనే, తాడును పట్టి ఆపే పరికరం వాడాడు. అతను సుమారు 150 మీటర్లు పడ్డాక పైనుంచి చూస్తే గ్రిగ్రీ తాడు మీదే ఉంది. దానికి తగిలించిన కారబైనర్ (లోహపు కొక్కెం) లాక్ వేసినట్టే ఉంది. తాడుకు ఏమీ కాలేదు. యాంకర్ కదల్లేదు. మనిషికీ కారబైనర్‌కూ మధ్య ఉండాల్సిన లూప్ మాత్రం లేదు. వెతగ్గా గోడ అడుగున చెట్ల మధ్య దొరికింది. తెగినచోట బాగా అరిగి ఉంది.

ఈ వివరాలు కావాలనే వరసగా రాశాను. ప్రమాదం అనగానే తాడు తెగిందనో, బోల్టు ఊడిందనో అనుకుంటాం. ఇక్కడ వ్యవస్థలో ప్రతి భాగమూ తన పని తాను చేసింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికి రెండోది తోడుగా లేదు.

లూప్ ఎందుకు తెగుతుంది

యూరప్ ప్రమాణం ఈఎన్ 12277 ప్రకారం కొత్త బిలే లూప్ 15 కిలోన్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. అంటే సుమారు 1,500 కిలోల బరువు. సామాన్లతో సహా 100 కిలోల మనిషి కదలకుండా వేలాడితే పడేది 1 కిలోన్యూటన్. కుదుపులతో దిగితే 2. కొత్త లూప్ ఈ బరువుకు తెగే ప్రశ్నే లేదు. దిగేటప్పటి బరువుకే తెగిందంటే దాని బలంలో చాలా కొద్ది వంతే మిగిలి ఉండాలి. కావాలని సగానికి పైగా కోసిన లూప్‌లు కూడా ప్రయోగశాలల్లో ఒంటి బరువుకు ఎన్నో రెట్లు మోశాయి. అందుకే ఆ స్థితికి చేరిన లూప్, అరిగిన చోటు దేని కిందా దాగకపోతే, చూసేవాళ్ళ కంటబడకుండా ఉండదు. నూగు లేస్తుంది, అంచు పలచబడుతుంది, నేత గీతలు చెరిగిపోతాయి.

అరుగుదల లూప్ చుట్టూ సమంగా జరిగితే పెద్ద ప్రమాదం కాదు, చాలాకాలం పడుతుంది. ఒకేచోట జరిగితేనే ముంచుతుంది. మామూలుగా లూప్ హార్నెస్ మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి కారబైనర్ ఆనే చోటు మారుతుంటుంది. దానికి ఒక స్లింగ్‌నో (ఉచ్చులా కుట్టిన పట్టీ) డైసీ చైన్‌నో (వరసగా ఉచ్చులున్న పట్టీ) గర్త్ హిచ్ ముడితో శాశ్వతంగా కట్టేశామనుకోండి, ఇక అది తిరగదు. రోజూ అదే అంగుళం మీద బరువు, అదే అంగుళం మీద రాపిడి. స్లింగ్ డైనీమా అనే గట్టి పోగుతో సన్నగా నేసినదైతే రంపంలా కోస్తుంది. పైగా గ్రానైట్ నుంచి రాలే సన్నని పలుకులు నేత సందుల్లో దూరి, పట్టీ వంగిన ప్రతిసారీ లోపలి పోగుల్ని తెంపుతాయి. ఎండ వేరే. స్లింగ్ ముడి కింద దాగిన చోటు బయటికి కనిపించదు కూడా.

అందుకే డైసీ చైన్‌ను తాడు కట్టుకునే రెండు టై-ఇన్ పాయింట్ల గుండా కట్టాలని, బిలే లూప్‌కు కట్టొద్దని తయారీదార్లు చెబుతారు. కట్టినా ఇంటికి రాగానే విప్పాలి. లూప్‌ను పరీక్షించాలంటే పైపైన చూస్తే లాభంలేదు. చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. ప్రతి అంగుళాన్నీ గుర్రపునాడాలా వంచి లోపలి వైపు చూడాలి. అలా వంచినప్పుడే పోగులు విడిపోయి తెగినవి బయటపడతాయి. గట్టిగా, మెరుపుగా ఉన్న మచ్చ తగిలితే అక్కడ వేడికి పోగు కరిగిందని అర్థం. కుట్ల దారం లేచిందేమో చూడాలి. అంచు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల కోత ఉన్నా ఆ హార్నెస్ పని అయిపోయినట్టే. అసలు వాడకపోయినా తయారైన పదేళ్ళకు పక్కన పెట్టమంటారు. స్కిన్నర్‌లా రోజూ గ్రానైట్ మీద వేలాడేవాళ్ళకు ఒక్క ఏడాదే ఎక్కువ కావచ్చు.

తెలిసే జరిగింది

ఇంతవరకూ చెప్పింది ఏ శిక్షణలోనైనా చెబుతారు. నన్ను వెంటాడేది దీని తర్వాత సంగతి. కొన్ని రోజుల ముందే ఆ హార్నెస్ అరుగుదలను తోడున్న క్లైంబర్ గమనించాడు, ఆ మాట స్కిన్నర్‌తో అన్నాడు. స్కిన్నర్‌కూ తెలుసు. కొత్త హార్నెస్‌లకు ఆర్డర్ పెట్టాను, వస్తున్నాయి అన్నాడు.

‘మీ పరికరాలు పరీక్షించుకోండి’ అని పాఠం చెప్పి ఊరుకుంటే ఈ మరణం నుంచి మనం ఏమీ తీసుకోనట్టే. పరీక్ష జరిగింది, లోపం దొరికింది, పరిష్కారం కూడా బయల్దేరింది. లోపం దొరికిన రోజుకూ కొత్తది చేతికొచ్చే రోజుకూ మధ్య ఏం చేయాలో మాత్రం నియమం లేదు. వాతావరణం బాగుంది, సీజన్ అయిపోవస్తోంది, నిన్న మోసిన లూప్ ఇవాళ మొయ్యదా అనిపిస్తుంది. నిన్న మోసింది కాబట్టి ఇవాళ మోస్తుందన్న లెక్క అరిగే వస్తువు విషయంలో తలకిందులవుతుంది. మోసిన ప్రతి రోజూ చివరి రోజును దగ్గర చేస్తుంది.

ఆ మధ్యకాలానికి పరిష్కారం గోడ మీదే, అందరి దగ్గరా ఉంటుంది. 60 సెంటీమీటర్ల కుట్టు స్లింగ్‌ను రెండు టై-ఇన్ పాయింట్ల గుండా పోనిచ్చి, రెండు కొసల్నీ కారబైనర్‌లో వేస్తే చాలు, బిలే లూప్ అవసరమే లేదు. కొత్త స్లింగ్‌కు 22 కిలోన్యూటన్ల బలం ఉండాలని ప్రమాణం. ఇప్పుడు చాలామంది దిగేటప్పుడు పరికరాన్ని శరీరానికి కాస్త దూరంగా పెట్టడానికి స్లింగ్‌ను టై-ఇన్ పాయింట్లకు కట్టి దానికి డివైస్ తగిలిస్తారు. తాడు మీద బిగుసుకుని ఆపే ఆటోబ్లాక్ ముడిని మాత్రం బిలే లూప్‌కు తగిలిస్తారు. చేయి జారినా ఆగడం కోసం ఈ పద్ధతి వచ్చింది గానీ, దీంతో రెండు దారులు ఏర్పడి ఏ ఒక్క లూప్ మీదా ప్రాణం ఆధారపడదు. ఈ లాభాన్ని చెప్పేవాళ్ళు తక్కువ.

వివరం లేకపోతే పుకారు పాఠం చెబుతుంది

ఆ ప్రమాదం తర్వాత కొందరు తమ లూప్‌కు తోడుగా రెండో లూప్ కట్టుకోవడం మొదలుపెట్టారు. భయం అర్థం చేసుకోదగ్గదే. బాగున్న హార్నెస్‌కు అది అక్కర్లేదు, అరిగిన హార్నెస్‌ను ఇంకొంతకాలం లాగడానికి అది సాకు అవుతుంది. అరిగినదానికి తోడు వెతకడం కంటే దాన్ని తీసేయడమే సరైన పని.

అదే లీనింగ్ టవర్ దగ్గర 1998 నవంబరు 23న డాన్ ఒస్మన్ చనిపోయాడు. ఎత్తు నుంచి తాడుతో దూకడంలో అతన్ని మించినవాళ్ళు లేరు. కట్టిన తాళ్ళు నెల దాటి వానకూ మంచుకూ అలాగే ఉన్నాయి కాబట్టి పాడైన తాడే చంపిందని అందరూ అనుకున్నారు. విచారణలో తేలింది వేరు. దూకే చోటు మార్చడంతో కోణం మారి, తాళ్ళు ఒకదాని మీద ఒకటి అడ్డం పడ్డాయి, ఆ రాపిడి వేడికి నైలాన్ కరిగి తెగింది. పుకారును నమ్మితే ‘కొత్త తాడు అయితే చాలు’ అనే పాఠం వస్తుంది. కొత్త తాడు కూడా ఆ కోణంలో అలాగే కరుగుతుంది. ఒస్మన్‌ను ప్రేమించేవాళ్ళు అతని ధైర్యం గురించి ఎంతైనా చెప్పనీ, తాళ్ళు అడ్డం పడ్డ సంగతి మాత్రం వదలకూడదు.

అటువైపు వాదనలు

దీనికి ఎదురు వాదనలు బలంగానే ఉన్నాయి. కారణం వెతకడంలో ఒక స్వార్థం దాక్కుని ఉంటుందని మొదటిది. కారణం దొరకగానే ‘నేనైతే అలా చేయను’ అని మనసు కుదుటపడుతుంది, చనిపోయినవాడు అజాగ్రత్తపరుడు అవుతాడు. ఇది నిజం. దీనికి మందు ఇంకొంచెం వివరమే. బ్రాడ్ గోబ్రైట్ 2017లో జిమ్ రేనాల్డ్స్‌తో కలిసి ఎల్ క్యాపిటన్ నోస్ రూట్‌ను 2 గంటల 19 నిమిషాల 44 సెకన్లలో ఎక్కి అప్పటి రికార్డు కొట్టాడు. 2019 నవంబరు 27న మెక్సికోలోని ఎల్ పొత్రేరో చికోలో, మరో క్లైంబర్‌తో కలిసి ఒకే తాడు రెండు వైపులా ఇద్దరూ ఒకేసారి దిగుతుండగా తాడు కొస దాటి పడిపోయాడు. కొసల్లో ముడులు లేవు. ‘ముడి వేయలేదట’ అని తేల్చేయడం తేలిక. ముడి వేస్తే పొదల్లో, పగుళ్ళలో ఇరుక్కుని తాడు ఊడిరాదు, ఆ చికాకు అనుభవించినవాళ్ళే ముడి మానేస్తారు. పైగా అలా దిగేటప్పుడు తాడు మధ్యభాగం కచ్చితంగా యాంకర్ దగ్గర ఉండాలి. కొంచెం అటూ ఇటూ అయినా ఒకరి కొస పొట్టిదవుతుంది, ఆ ఒక్కరు జారితే రెండోవాళ్ళ బరువును ఆపేది ఉండదు. ఇంతా తెలిశాక ‘నేనైతే’ అనడానికి నోరు రాదు. ముడులు ఇరుక్కుంటాయన్న చికాకు అందరికీ ఉన్నదే.

1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో క్లైంబర్ లిన్ హిల్ 20 మీటర్లకు పైగా పడింది. తాడు హార్నెస్‌లోంచి పోనిచ్చింది, ముడి పూర్తిచేయలేదు. జాకెట్ కింద అది కనిపించలేదు. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. నాలుగేళ్ళకు నోస్‌ను ఫ్రీగా ఎక్కిన మొదటి వ్యక్తి ఆమే. ఆ ముడి కథను ఆమె తానే బహిరంగంగా చెప్పింది. ఆ కథ వల్ల ఆమె గొప్పతనం వీసమెత్తు తగ్గలేదు. ఎక్కబోయే ముందు ఎదుటివారి ముడిని చేత్తో తాకి చూడమని చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె ఉదాహరణే వస్తుంది. బతికినవారికి ఇచ్చే ఈ మర్యాద చనిపోయినవారికి ఎందుకు ఇవ్వకూడదు?

కుటుంబం సంగతి రెండోది, ఇది ఇంకా కష్టమైనది. స్కిన్నర్‌కు భార్య, ముగ్గురు పిల్లలు. ‘ఐదు నిమిషాల పనితో తప్పిపోయేది’ అన్న మాట వాళ్ళ చెవిన పడితే ఎలా ఉంటుంది? మొదటి రోజుల్లో ఆ మాట అనకూడదని నేనూ ఒప్పుకుంటాను. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా ప్రమాదాల విశ్లేషణలను సంకలనంగా తెస్తోంది. ఆ సంకలనం వచ్చేసరికి మొదటి దుఃఖం కాస్త సర్దుకుంటుంది, ఆధారాలూ తేలతాయి. ఆ ఎడం అవసరం. కానీ పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు గడిచినా అదే మౌనం పాటిస్తే అది కుటుంబం కోసం చేస్తున్నట్టు అనిపించదు నాకు.

ఇక జాన్ బచార్. ఒక రోజంతా తనతో సమానంగా తాడు లేకుండా ఎక్కగలిగినవాళ్ళకు 10,000 డాలర్లు ఇస్తానని 1981లో ప్రకటిస్తే ఎవరూ ముందుకు రాలేదు. 2009 జూలై 5న కాలిఫోర్నియాలో మామత్ లేక్స్ దగ్గరి డైక్ వాల్ మీద ఒంటరిగా, తాడు లేకుండా ఎక్కుతూ పడిపోయాడు. 52 ఏళ్ళు. 2006 నాటి కారు ప్రమాదంలో అయిన మెడ గాయం బాధిస్తోందా, పట్టు ఊడిందా, మరేదైనా జరిగిందా అన్నది తేలలేదు. పరీక్షించడానికి తాడూ ముడీ ఏవీ లేవు. నా వాదన ఇక్కడ ఆగిపోతుంది, ఆగాలి కూడా. లేని కారణాన్ని అల్లితే అది ఒస్మన్ తాళ్ళ మీద పుట్టిన పుకారుకు చుట్టమే.

తోడున్నవాళ్ళ మాట

స్కిన్నర్ విషయంలో నాకు ఇప్పటికీ తెగని సందేహం ఒకటుంది. ‘తోడున్నతను గమనించి చెప్పాడు’ అని రాస్తున్నామంటే బతికినవాడి మీద మోయలేని బరువు పెడుతున్నామా? ఆ సంగతి అతను స్వయంగా బయటపెట్టాడు. అతను చెప్పకపోతే ‘పరికరం తెగింది’ అన్న ముక్కే శాశ్వతంగా మిగిలేది. ఆ నిజాయితీని గౌరవించాలంటే అతను చెప్పినదాన్ని వాడుకోవాలి.

అంతకుమించి, సలాథేను ఫ్రీగా ఎక్కినవాడికి, ట్రాంగో మీద 60 రోజులు ఉన్నవాడికి ‘ఈ హార్నెస్‌తో నువ్వు పైకి రావద్దు’ అని ఎవరు అనగలరు? ఇందులో మనందరి వాటా ఉంది. మనిషిని ఎంత ఎత్తుకు ఎత్తితే అతని పక్కనున్నవాడి గొంతు అంత చిన్నదవుతుంది. నివాళుల్లో స్కిన్నర్ పొరపాటు పడని వీరుడిలా కనిపించే కొద్దీ, రేపు మరో పెద్ద క్లైంబర్ పక్కన నిలబడిన కుర్రవాడు నూగు లేచిన లూప్‌ను చూసి ‘ఆయనకు తెలియదా’ అనుకుని ఊరుకుంటాడు.

కాబట్టి ఒప్పందం ముందే, నేల మీదే జరగాలి. ఇద్దరిలో ఎవరు అనుమానపడినా ఆ వస్తువు ఆ క్షణం నుంచి బరువు మోయదు. అది ఎవరిదైనా సరే, కొత్తది ఎప్పుడు వస్తున్నా సరే. గోడ మీద ఉండగా తెలిస్తే, వెంట ఉన్న కుట్టు స్లింగ్‌ను నేరుగా టై-ఇన్ పాయింట్లకు వేసుకుని దిగాలి. స్లింగ్‌లన్నీ యాంకర్లలో ఉండిపోతే, హార్నెస్ వెనక వేలాడదీసిన ఒకటిన్నర మీటర్ల 8 మిల్లీమీటర్ల తాడు ముక్క చాలు. బిలే లూప్ వెళ్ళే దారిలోనే రెండు చుట్లు తిప్పి, రెండు కొసల్నీ డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలిపి, కొసలు 8 సెంటీమీటర్లకు తగ్గకుండా వదిలి, ముందు యాంకర్‌కు కట్టుకుని ఉండగానే దాని మీద పూర్తి బరువు వేసి చూశాక పాత లూప్ నుంచి డివైస్‌ను మార్చుకోవాలి.